ఐతారం, ఆదివారం, యోలా

పిల్లలూ, టీచర్లు మామూలుగా పిల్లల తప్పులు దిద్దుతారు కదా! ఈ పాఠంలో మాత్రం నేను చేసిన తప్పు ఒకటి మీకు చెబుతాను. దాన్ని దిద్దుకోవడానికి నాకు ఎనిమిది వందల ఏళ్ళ నాటి ఒక భాష సాయం చేసింది. అది మన తెలుగు కాదు, ఐర్లండ్‌లో పుట్టి పెరిగి ఇక్కడే మాయమైపోయిన భాష.

ముందు నా గురించి రెండు మాటలు. మాది విజయనగరం జిల్లాలో ఒక పల్లెటూరు. నేను బి.ఇడి. చదివి, అక్కడ కొన్నాళ్ళు బడిలో తెలుగు చెప్పాను. మీ అంకుల్‌కి ఉద్యోగం రావడంతో రెండేళ్ళ క్రితం డబ్లిన్‌కి ఉత్తరాన ఉన్న స్వోర్డ్స్‌కి వచ్చాం. ఇప్పుడు ఇల్లు చూసుకుంటూ, ఆదివారాలు పదిహేను మంది పిల్లలకి తెలుగు నేర్పుతున్నాను. వాళ్ళు నన్ను "ఆంటీ" అనే పిలుస్తారు.

ఆ రోజు ఏం జరిగిందంటే

ఆ రోజు పాఠం వారాల పేర్లు. బోర్డు మీద ఏడు గీతలు గీసి, ఒక్కొక్కరినీ పిలిచి రాయమన్నాను. తొమ్మిదేళ్ళ బాబు ఒకడు వచ్చాడు. వాళ్ళది కరీంనగర్ వైపు. తెలుగు అక్షరాలు చాలా శ్రద్ధగా, గుండ్రంగా రాస్తాడు. మొదటి గీత మీద "ఐతారం" అని రాసి, నా వైపు చూసి నవ్వాడు.

నేను ఆ మాట మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టి, "అలా అనకూడదు నాన్నా, ఆదివారం అనాలి" అన్నాను. మిగతా పిల్లలు నవ్వారు.

"మా నాయనమ్మ అట్లనే అంటది" అన్నాడు మెల్లగా.

"ఇంట్లో అనుకో. రాసేటప్పుడు మాత్రం సరైన తెలుగు రాయాలి" అన్నాను నేను.

అంతే. వాడు వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత మూడు వారాల పాటు క్లాసులో నోరు విప్పలేదు. ఏమడిగినా ఇంగ్లీషులోనే జవాబు. నాలుగో వారం వాళ్ళమ్మ ఫోన్ చేసి, "ఏమైందో ఏమో మేడమ్, వాళ్ళ నాయనమ్మతోని ఫోన్‌ల గూడ మాట్లాడుతలేడు. నాకు తెలుగు రాదు అంటున్నడు" అన్నారు. ఆమె నన్ను తప్పు పట్టలేదు. అందుకే నాకు మరీ బాధేసింది.

స్ట్రాబెర్రీలు అమ్మే తాతగారు

అదే నెలలో మేం వెక్స్‌ఫర్డ్ వెళ్ళాం. ఎండాకాలంలో అక్కడ రోడ్ల పక్కన చిన్న చిన్న బడ్డీలు పెట్టి స్ట్రాబెర్రీలు, కొత్త బంగాళాదుంపలు అమ్ముతారు. రోస్లేర్ దారిలో ఒక బడ్డీ దగ్గర ఆగాం. అక్కడున్న పెద్దాయన, మేం మాట్లాడుకోవడం విని అది ఏ భాష అని అడిగారు. చెప్పాం. నేను తెలుగు టీచర్నని తెలిసి, ఆయన స్ట్రాబెర్రీలు తూస్తూనే అన్నారు: "మా వైపు కూడా ఒక భాష ఉండేది. పేరు యోలా. మా ముత్తాతల నాటికే పోయింది."

"ఐరిష్ భాషేనా?" అని అడిగాను.

"కాదు. ఇంగ్లీషే. కానీ మీరు వింటే ఇంగ్లీషు అనుకోరు" అని నవ్వారు.

ఇంటికి వచ్చాక నేను దాని గురించి చదవడం మొదలుపెట్టాను. చదివే కొద్దీ ఆ ఎర్ర గీత గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఎందుకో అర్థం కావాలంటే ముందు మీకు సాక్సన్ల కథ చెప్పాలి.

సాక్సన్లు ఎవరు?

చాలా కాలం క్రితం, ఇప్పటి జర్మనీ ఉత్తర తీరంలో సాక్సన్లు అనే జనం ఉండేవారు. వాళ్ళకి దగ్గర్లోనే ఆంగుల్లు, జూట్లు అనే జనాలు కూడా ఉండేవి. 5వ శతాబ్దంలో రోమన్ సైన్యం బ్రిటన్‌ని విడిచి వెళ్ళిపోయాక, ఈ ముగ్గురూ పడవలెక్కి సముద్రం దాటి బ్రిటన్‌కి వలస వచ్చారు. వాళ్ళు మాట్లాడిన జర్మానిక్ మాండలికాలు కలిసి పాత ఇంగ్లీషు అయింది. అంటే ఇంగ్లీషు కూడా ఒకప్పుడు వలస వచ్చిన వాళ్ళ భాషే!

ఆంగుల్ల పేరు మీద ఇంగ్లండ్ అనే పేరు వచ్చింది. సాక్సన్ల పేరు కూడా ఎక్కడికీ పోలేదు. మ్యాప్ తీసి చూడండి. ఎసెక్స్ అంటే తూర్పు సాక్సన్లు. ససెక్స్ అంటే దక్షిణ సాక్సన్లు. వెసెక్స్ అంటే పడమటి సాక్సన్లు. మీరు బడిలో ఐరిష్ నేర్చుకుంటారు కదా, అందులో ఇంగ్లండ్‌ని "ససనా" అంటారు. ఇంగ్లీషు వాళ్ళని "ససనఖ్" అంటారు. ఆ మాట సాక్సన్ నుంచి వచ్చిందే.

సాక్సన్లు అందరూ పడవలెక్కలేదు. జర్మనీలోనే ఉండిపోయిన వాళ్ళ భాష, ఇప్పుడు అక్కడి ఉత్తర ప్రాంతంలో పల్లపు జర్మన్ అనే మాండలికాలుగా మిగిలింది. ఇక్కడ ఒక తమాషా చూడండి. మనం "వాటర్" అంటాం. పల్లపు జర్మన్‌లో కూడా దాదాపు అలాగే, "వాటర్". కానీ బడిలో నేర్పే జర్మన్‌లో మాత్రం "వాసర్". ఇంగ్లీషులో "ఆపిల్", పల్లపు జర్మన్‌లో "ఆపెల్", బడి జర్మన్‌లో "ఆప్ఫెల్". ఒక్క ఇంట్లో పుట్టిన అక్కాచెల్లెళ్ళలో ఒకరి పలుకు కొంచెం మారిందన్నమాట.

మన భాషల్లోనూ ఇలాగే జరిగింది. మన "పాలు" కన్నడంలో "హాలు". మన "పులి" వాళ్ళకి "హులి". మన "పువ్వు" వాళ్ళకి "హూవు". కన్నడం వాళ్ళు తెలుగు తప్పుగా మాట్లాడుతున్నారని ఎవరైనా అంటారా? అనరు కదా! అది వేరే దారిలో నడిచిన మాట, అంతే.

ఇంకో సంగతి. బడిలో మీరు రోజూ చెప్పే వారాల పేర్లలో ఆ పాత జనం దేవుళ్ళు ఉన్నారు. ట్యూజ్‌డేలో టీవ్, వెన్స్‌డేలో వోడెన్, థర్స్‌డేలో ఉరుముల దేవుడు థూనోర్, ఫ్రైడేలో ఫ్రిగ్ అనే దేవత. ఇక సండే అంటే సూర్యుడి రోజు. సరిగ్గా మన ఆదివారం లాగే!

యోలా ఎలా పుట్టింది?

ఇప్పుడు వెక్స్‌ఫర్డ్‌కి వద్దాం. 1169లో లెన్‌స్టర్ రాజు డర్మట్ మెక్‌మరో, పోయిన తన రాజ్యాన్ని తిరిగి తెచ్చుకోవడానికి సముద్రం అవతలి నుంచి సైన్యాన్ని పిలిపించుకున్నాడు. వాళ్ళ పడవలు వెక్స్‌ఫర్డ్‌కి దక్షిణంగా ఉన్న బానో అనే చోట ఒడ్డుకి చేరాయి. నాయకులేమో నార్మన్ ప్రభువులు, వాళ్ళది ఫ్రెంచి. కానీ వాళ్ళతో, వాళ్ళ వెనక వచ్చిన మామూలు జనంలో చాలామందికి నైరుతి ఇంగ్లండ్ ఇంగ్లీషు వచ్చు. వేల్స్ నుంచి వచ్చిన వాళ్ళూ, ఫ్లెమిష్ వాళ్ళూ కూడా ఉన్నారు.

వాళ్ళలో చాలామంది ఫోర్త్, బార్గీ అనే రెండు చిన్న ప్రాంతాల్లో స్థిరపడ్డారు. ఒకవైపు సముద్రం, మరోవైపు ఐరిష్ మాట్లాడే ఊళ్ళు. వాళ్ళ ఇంగ్లీషు ఆ మధ్యలోనే ఉండిపోయింది. ఇంగ్లండ్‌లో ఇంగ్లీషు మారుతూ పోయింది. ఇక్కడ మాత్రం పాత పలుకులు అలాగే నిలిచాయి, వాటిలో కొన్ని ఐరిష్ మాటలు కలిశాయి. దాన్నే ఇప్పుడు యోలా అంటున్నాం. ఆ భాషలో "యోలా" అంటే "పాత" అని అర్థం.

యోలాలో "నేను" అనడానికి "ఇచ్" అనేవారు. పాత ఇంగ్లీషులోనూ దాదాపు అంతే. జర్మన్ నేర్చుకునే అన్నయ్యలూ అక్కయ్యలూ మీ ఇంట్లో ఉంటే అడగండి, జర్మన్‌లో "నేను"కి ఏ మాట ఉందో. అది కూడా ఇదే మాటకి చుట్టం.

యోలాలో "ఫాదర్" అనరు, "వాదర్" అనేవారు. "సెవెన్" అనరు, "జెవెన్" అనేవారు. తెలుగులో ఆ శబ్దానికి సరైన అక్షరం లేదు కాబట్టి "జ" రాశాను, మీరు "జీబ్రా"లో పలికినట్టు పలకండి. గట్టిగా, గాలితో వచ్చే అక్షరం మెత్తబడిందన్నమాట. నైరుతి ఇంగ్లండ్ పల్లెల్లో కూడా ఈ అలవాటు ఉండేది.

ఇది చదవగానే నాకు మా తెలుగు మాస్టారు చెప్పిన సంధి ఒకటి గుర్తొచ్చింది. దాని పేరు గసడదవాదేశ సంధి. పేరు విని భయపడకండి, మీరు రోజూ చేసేదే. "తల్లి, తండ్రి" కలిస్తే "తల్లిదండ్రులు". తండ్రిలో ఉన్న "త" మెత్తబడి "ద" అయింది. "అన్న, తమ్ముడు" కలిస్తే "అన్నదమ్ములు". "కూర, కాయ" కలిస్తే "కూరగాయలు". వెక్స్‌ఫర్డ్ రైతు "ఫాదర్"ని "వాదర్" చేసినట్టే, మనం "తండ్రి"ని "దండ్రి" చేస్తున్నాం. మనం చేస్తే వ్యాకరణం, వాళ్ళు చేస్తే తప్పా?

అప్పుడు ఆ బాబు గుర్తొచ్చాడు. ఎర్ర గీత కూడా గుర్తొచ్చింది.

జేకబ్ పూల్ నోట్‌బుక్

యోలా ఎప్పుడు పోయింది? 19వ శతాబ్దంలో. 1831 తర్వాత ఐర్లండ్ అంతటా జాతీయ పాఠశాలలు వచ్చాయి. ఆ బడుల్లో నేర్పింది మామూలు ఇంగ్లీషే. 1836లో ఆ ప్రాంతానికి వచ్చిన లార్డ్ లెఫ్టినెంట్‌కి యోలాలో స్వాగతం చదివారు. అప్పటికే అది ముసలివాళ్ళ భాష అయిపోయింది.

అయితే మనకి యోలా మాటలు ఇన్ని ఎలా తెలుసు? జేకబ్ పూల్ అనే ఒక రైతు వల్ల. ఆయన వెక్స్‌ఫర్డ్ జిల్లా వాడే. క్వేకర్ మతస్థుడు. చుట్టుపక్కల జనం మాట్లాడేది విని, మాట తర్వాత మాట కాగితం మీద పెట్టుకున్నాడు. 1827లో చనిపోయాడు. నలభై ఏళ్ళ తర్వాత, 1867లో, ఇంగ్లండ్‌లోని డార్సెట్‌కి చెందిన విలియమ్ బార్న్స్ అనే కవి ఆ పదాల పట్టికని పుస్తకంగా వేయించాడు. పూల్ ఆ పుస్తకాన్ని చూడలేదు. కానీ ఆయన రాసుకోకపోతే ఈ రోజు నేను మీకు "వాదర్" గురించి చెప్పగలిగేదాన్ని కాదు.

మరి నేనుండే స్వోర్డ్స్ సంగతి? ఈ ప్రాంతాన్ని ఫింగల్ అంటారు. ఆ ఐరిష్ పేరుకి పరాయివాళ్ళ వంశం అని అర్థం. ఒకప్పుడు ఇక్కడ వైకింగ్‌లు ఉండేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు మనమూ ఇక్కడే ఉన్నాం, చూడండి! ఫింగల్‌లో కూడా యోలా లాంటి ఒక పాత ఇంగ్లీషు ఉండేది. దానిదీ అదే పుట్టుక. అదీ 19వ శతాబ్దంలోనే పోయింది. కానీ దానికి జేకబ్ పూల్ లాంటివాడు దొరకలేదు. మిగిలిందల్లా చాలా కొద్ది. అందులో ముఖ్యమైనవి, ఆ మాటతీరుని వెక్కిరించడానికి 17వ శతాబ్దంలో రాసిన పద్యాలు.

ఒక ఊరి మాట అంతా పోయి, ఆ మాటని చూసి నవ్విన నవ్వు మాత్రం మిగలడం ఎంత అన్యాయం! ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నా ఎర్ర గీత ఎక్కడి నుంచి వచ్చింది?

పిల్లలూ, ఆ ఎర్ర గీత నాకు మొదట ఎవరో కొట్టారు. మా పల్లెలో "నేను" అనరు, "నాను" అంటారు. "ఏమిటి" అనరు, "ఏటి" అంటారు. మా అమ్మమ్మ ఫోన్ ఎత్తగానే, "ఓలమ్మ! ఏటే గుంటా, బువ్వ తిన్నావేటి?" అంటుంది. మా వైపు గుంట అంటే చిన్నపిల్ల. నాకు ముప్పై దాటినా ఆవిడకి నేను గుంటనే.

నేను కాలేజీకి పట్నం వెళ్ళినప్పుడు, మొదటి రోజు క్లాసులో "నాను" అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి అద్దం ముందు నిలబడి "నేను, నేను" అని అలవాటు చేసుకున్నాను. బి.ఇడి. పూర్తయ్యేసరికి నా మాటలో మా ఊరు లేదు. దాన్ని నేను గొప్పగా అనుకున్నాను. అమ్మమ్మతో కూడా పుస్తకం భాషే మాట్లాడేదాన్ని. ఆవిడ ఒకసారి మా అమ్మతో, "మన గుంట దొరసాని నాగ మాటాడతంది. నాకు బయమేస్తంది" అందట. అప్పుడు విని నవ్వుకున్నాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

నిజానికి "నేను" అనే మాట కూడా ఎప్పుడూ ఇలా లేదు. నన్నయ కాలంలో "ఏను" అని రాసేవారు. కన్నడంలో ఇప్పటికీ "నాను" అంటారు. మా అమ్మమ్మ "నాను" చెడిపోయిన మాట కాదు, మన భాషల కుటుంబంలోని మాటే.

ఇక "ఐతారం" చూద్దాం. ఆదిత్యుడంటే సూర్యుడు. ఆదిత్యవారం జనం నోట్లో అరిగి అరిగి, ఒకచోట ఆదివారం అయింది, మరోచోట ఐతారం అయింది. రెండూ సూర్యుడి రోజులే. ఆ బాబు తప్పు రాయలేదు. వాళ్ళ నాయనమ్మ నోటి నుంచి ఒక పాత మాట తెచ్చి నా బోర్డు మీద పెట్టాడు. దాన్ని నేను కొట్టేశాను.

మన తెలుగు వాళ్ళు కూడా చాలా చోట్లకి వలస వెళ్ళారు. విజయనగర రాజుల కాలంలోనూ, మధుర, తంజావూరు నాయక రాజుల కాలంలోనూ తమిళ దేశానికి వెళ్ళిన వాళ్ళ ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగు ఉంది. అందులో మనం మరిచిపోయిన పాత మాటలూ ఉన్నాయి. 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో పని చేయడానికి మారిషస్ వెళ్ళిన వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో తెలుగు మాట తగ్గిపోయింది. కానీ అక్కడ ఉగాది ఈ రోజుకీ ప్రభుత్వ సెలవు. భాష ఒకచోట యోలా అవుతుంది, ఒకచోట నిలుస్తుంది. అది ఎక్కువగా ఇంట్లో మాట్లాడే వాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. టీచర్ల మీద కూడా.

మళ్ళీ ఒక ఐతారం

తర్వాతి వారం క్లాసులో నేను ఒక పెద్ద చార్టు గోడకి అంటించాను. పైన "మా ఇంటి మాట" అని రాశాను. మొదటి మాట నేనే రాశాను: "నాను". పిల్లలు నవ్వారు. నవ్వనిచ్చాను. తర్వాత మా అమ్మమ్మ గురించి చెప్పాను. ఎర్ర గీత గురించి చెప్పాను. ఆ బాబు వైపు తిరిగి, "తప్పు నాది నాన్నా, నన్ను క్షమించు. ఐతారం మంచి మాట" అన్నాను.

వాడు తల వంచుకుని కూర్చున్నాడు. లేచి రాలేదు. సినిమాల్లో అయితే పరుగెత్తుకొచ్చి రాస్తాడు కదా! నిజంగా అలా జరగలేదు. వేరే పిల్లలు రాశారు. గుంటూరు పాప "ఆనపకాయ" అని రాస్తే, అనంతపురం పాప "కాదు, సొరకాయ" అంది. రెండూ ఒకటేనని తెలిసి ఇద్దరూ ఆశ్చర్యపోయారు.

క్లాసు అయ్యాక నేను కుర్చీలు సర్దుతున్నాను. వాడు వెనక్కి వచ్చి, చార్టు దగ్గర నిలబడి, "ఆంటీ, గోంగూరని మా నాయనమ్మ ఏమంటదో తెలుసా?" అని అడిగాడు. తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

"పుంటికూర" అన్నాడు. పెన్ను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో రాశాడు. దాని కింద ఇంకో మాట రాశాడు. అది ఏమిటో మీరు ఊహించగలరు.

"సున్నా సరిగ్గా పెట్టావు" అన్నాను. అంతకంటే ఏమీ అనలేకపోయాను.

ఇంటికెళ్ళి అమ్మమ్మకి ఫోన్ చేశాను. చాలా ఏళ్ళ తర్వాత, "అమ్మమ్మా, నాను" అన్నాను. అవతల ఒక క్షణం మాట లేదు. తర్వాత, "ఓలమ్మ! నువ్వేనేటే గుంటా?" అంది. ఆ రోజు నేను కూడా ఒక నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఇప్పటికి నూట ఇరవై మాటలయ్యాయి. ఇంకా చాలా ఉన్నాయి. అమ్మమ్మకి ఎనభై రెండేళ్ళు, అందుకని తొందరగా రాస్తున్నాను.

ఒక్క మాట గుర్తుంచుకోండి. పరీక్షలోనూ, పుస్తకంలోనూ అందరికీ అర్థమయ్యే ఒక తెలుగు కావాలి. అది నేర్చుకోండి, నేనూ నేర్పుతాను. కానీ దానికోసం ఇంటి తెలుగుని కొట్టేయక్కర్లేదు. నోట్‌బుక్‌లో రెండింటికీ చోటుంది.

కొత్త మాటలు

మాండలికం – ఒక ప్రాంతం వాళ్ళు మాట్లాడే భాషా రూపం
వలస – ఒక చోటు విడిచి ఇంకో చోటికి వెళ్ళి బతకడం
ముత్తాత – తాతకి నాన్న
బడ్డీ – రోడ్డు పక్క చిన్న దుకాణం
వెక్కిరించడం – ఎగతాళి చేయడం
సంధి – రెండు మాటలు కలిసేటప్పుడు అక్షరాలు మారడం

మీ వంతు

1. "యోలా" అనే మాటకి అర్థం ఏమిటి? ఆ భాష ఏ రెండు ప్రాంతాల్లో ఉండేది?
2. "అక్క, చెల్లెలు" కలిపి పలకండి. "కాలు, చేయి" కలిపి పలకండి. ఏ అక్షరమైనా మెత్తబడిందా? ఇంట్లో పెద్దవాళ్ళని పలకమని అడిగి వినండి.
3. ఫింగల్ పాత ఇంగ్లీషు గురించి మనకి తక్కువ తెలుసు, యోలా గురించి ఎక్కువ తెలుసు. ఎందుకు? మీ సొంత మాటల్లో మూడు వాక్యాలు రాయండి.
4. టీచర్ చేసిన తప్పు ఏమిటి? మీరు ఆ బాబు స్థానంలో ఉంటే ఏం చేసేవారు?
5. ఈ వారం మీ అమ్మమ్మకో, నాయనమ్మకో, తాతయ్యకో ఫోన్ చేయండి. పుస్తకంలో లేని ఐదు మాటలు అడిగి, నోట్‌బుక్‌లో రాయండి. ఎవరు చెప్పారో, ఏ ఊరో కూడా పక్కనే రాయడం మరిచిపోకండి.